గుక్కెడు నీటి నిర్వాకం: శీతాకాలం తర్వాత తెరచాప పడవ జలప్రవేశం

స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ ముందర, బాల్టిక్ సముద్రంలో, చిన్నా పెద్దా కలిపి సుమారు 30 వేల ద్వీపాలున్నాయి. వేసవి నెలల్లో వీటి నడుమ వేలాది తెరచాప పడవలు తిరుగుతాయి. శరదృతువు రాగానే ఆ సందడి ముగుస్తుంది. చలి ముదిరితే ద్వీపాల మధ్య పాయలు గడ్డకడతాయి కాబట్టి, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే పడవలను క్రేన్లతో ఒడ్డుకెత్తి, ఉక్కు స్టాండ్ల మీద నిలబెట్టి, టార్పాలిన్లు కప్పి వదిలేస్తారు. ఏప్రిల్, మే నెలల్లో వాటిని తిరిగి నీటిలోకి దించుతారు. ఈ రెండింటి మధ్యనున్న ఆరేడు నెలలు పడవకు విశ్రాంతి అని ఎవరైనా అనుకుంటారు. కానీ పడవకు జరిగే నష్టంలో చాలా భాగం ఆ కాలంలోనే, ఎవరూ చూడని చోట, నెమ్మదిగా జరిగిపోతుంది.

ఆ నష్టానికి మూలం కూడా నీరే. సముద్రంలో ఉన్నప్పుడు టన్నులకొద్దీ నీటి ఒత్తిడిని పడవ తట్టుకుంటుంది. దాన్ని అందుకోసమే కట్టారు. ఒడ్డు మీద ఉన్నప్పుడు మాత్రం పైపు వంపులో నిలిచిపోయిన గుక్కెడు నీరు, ఇంధన ట్యాంకు గోడ మీద పేరుకున్న తేమ, లోహపు సందులో చిక్కుకున్న ఉప్పుచుక్క తలా ఒక రకంగా దాన్ని దెబ్బతీస్తాయి. వసంతంలో చేసే తయారీ అంటే రంగులు వేసి మెరుగులు దిద్దడం ఒక్కటే కాదు. మిగిలిపోయిన ఆ కొద్ది నీరు చలికాలమంతా ఎక్కడెక్కడ ఏం చేసిందో వెతికి పట్టుకోవడమే అందులో అసలు పని. ఆ వెతుకులాటలో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు మూడూ అక్కరకు వస్తాయి.

గడ్డకట్టిన నీరు

చాలా ద్రవాలు గడ్డకడితే కుంచించుకుపోతాయి. నీరు విస్తరిస్తుంది. ద్రవరూపంలో నీటి అణువులు ఒకదాని సందులోకి ఒకటి దూరగలవు. మంచుగా మారేటప్పుడు హైడ్రోజన్ బంధాల వల్ల అవి ఆరు మూలల అమరికలో ఎడంఎడంగా కుదురుకుంటాయి. ఫలితంగా ఘనపరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది. ఘనపు మీటరు నీరు వెయ్యి కిలోలు తూగితే, ఘనపు మీటరు మంచు సుమారు 917 కిలోలే తూగుతుంది. మంచు నీటి మీద తేలడానికీ, మూసుకున్న పైపు పగలడానికీ కారణం ఈ ఒక్క లక్షణమే.

పడవలో ఇలాంటి మూసుకున్న చోట్లు ఎన్నో. ఇంజన్‌ను చల్లబరిచేందుకు సముద్రపు నీటిని లోపలికి తీసుకునే మార్గం, సింకు నీరు బయటికి పోయే మార్గం, మరుగుదొడ్డి పంపు, తాగునీటి పంపు అన్నిటిలోనూ నీరు నిలుస్తుంది. వీటిలో మోసపుచ్చేది పడవ అడుగున ఉండే బాల్ వాల్వు. దీని లోపల రంధ్రమున్న లోహపు గోళం ఒకటి తిరుగుతుంది. వాల్వును పూర్తిగా మూసేస్తే ఆ రంధ్రంలోని నీరు రెండు వైపులా బందీ అవుతుంది. గడ్డకట్టినప్పుడు విస్తరించేందుకు చోటులేక వాల్వు గోడను చీలుస్తుంది. చీలిక వెంట్రుకవాసి ఉంటుంది కనుక ఒడ్డు మీద కనబడదు. నీటిలోకి దిగాక తెలుస్తుంది. అందుకే అనుభవజ్ఞులు పడవ ఒడ్డునున్నంతకాలం వాల్వులను సగం తెరిచి ఉంచుతారు. వసంతంలో ఒక్కొక్కదాన్నీ తెరిచి, మూసి, పగుళ్లు వెతికి, గ్రీజు పెట్టి, జలప్రవేశానికి ముందు మూసేస్తారు.

నీటిని పూర్తిగా తోడెయ్యలేని చోట గ్లైకాల్ కలిపిన ద్రవం పోస్తారు. నీటి అణువులు మంచు స్ఫటికంగా కుదురుకోకుండా గ్లైకాల్ అణువులు అడ్డుపడతాయి. గడ్డకట్టే ఉష్ణోగ్రత దానివల్ల బాగా కిందికి దిగుతుంది. గ్లైకాల్‌లో రెండు రకాలున్నాయి. ఎథిలీన్ గ్లైకాల్ విషం. శరీరంలో అది ఆక్సాలిక్ ఆమ్లంగా మారి మూత్రపిండాలను పాడుచేస్తుంది. తాగునీటి పైపుల్లో దాన్ని ఎన్నడూ పోయకూడదు. అక్కడ వాడదగినది ప్రొపిలీన్ గ్లైకాల్. దాన్ని కూడా వసంతంలో మంచినీటితో రెండు మూడుసార్లు కడిగి తీసెయ్యాలి. కడిగిన నీటిని నేల మీదో సముద్రంలోనో పారబోయకుండా డబ్బాలో పట్టి, వ్యర్థాల సేకరణ కేంద్రానికి అప్పగించాలి.

బ్యాటరీ సంగతి ఇంకా ఆసక్తికరం. లెడ్-యాసిడ్ బ్యాటరీలోని ద్రవం నీరు కలిసిన సల్ఫ్యూరిక్ ఆమ్లం. బ్యాటరీ నిండుగా ఛార్జయి ఉంటే ఆమ్లం గాఢంగా ఉంటుంది. అప్పుడు మైనస్ 50 డిగ్రీల సెల్సియస్ వద్ద కూడా గడ్డకట్టదు. ఛార్జి ఖాళీ అయ్యేకొద్దీ ఆమ్లంలోని సల్ఫేటు పలకలకు అంటుకుంటుంది, మిగిలే ద్రవం పలచబడుతుంది. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీ మైనస్ 10 డిగ్రీలు రాకముందే గడ్డకట్టి పగిలిపోవచ్చు. అంటే నిండుగా ఛార్జి చేసి, తీగలు విప్పి వదిలిన బ్యాటరీ స్వీడన్ చలిని సునాయాసంగా దాటేస్తుంది. ఖాళీగా వదిలినది తొలి గట్టి చలికే పోతుంది. వసంతంలో తీగలు తగిలించే ముందు వోల్టేజి చూడాలి. కొన్ని గంటలు ఛార్జి చేయకుండా, వాడకుండా ఉంచిన మంచి బ్యాటరీ 12.6 నుంచి 12.7 వోల్టులు చూపుతుంది.

పొరలోకి ఇంకిన నీరు

ఇప్పటి తెరచాప పడవల్లో అధికభాగం ఫైబర్‌గ్లాస్‌వి. గాజుపోగుల బట్టను పాలియెస్టర్ రెజిన్‌లో తడిపి, పొరలు పొరలుగా అచ్చులో పరిచి, బయటివైపు జెల్‌కోట్ అనే నునుపైన పూత ఉండేలా తయారుచేస్తారు. చూడటానికి నీరు చొరబడని గోడలా ఉంటుంది. కానీ నీటి అణువు చాలా చిన్నది. ఏళ్ల తరబడి నీటిలో ఉన్న పడవ జెల్‌కోట్ గుండా కొద్దికొద్దిగా నీరు ఇంకుతూనే ఉంటుంది. ఆ నీరు లోపల పూర్తిగా గట్టిపడని రెజిన్ పదార్థాలను కరిగించుకుని గాఢమైన ద్రావణంగా మారుతుంది. అప్పుడు మొదలయ్యేది ద్రవాభిసరణం. 1748లో ఫ్రెంచి శాస్త్రవేత్త జాఁ ఆంత్వాన్ నొల్లే మద్యసారం నింపిన పాత్రను పంది మూత్రాశయపు పొరతో మూసి నీటిలో ముంచినప్పుడు ఆ పొర ఉబ్బడం చూశాడు. పలుచని ద్రావణం వైపు నుంచి గాఢ ద్రావణం వైపుకు నీరు పొర దాటి వెళ్లడమే అక్కడ జరిగింది. పడవ జెల్‌కోట్ కింద జరిగేదీ అదే. ఒత్తిడి పెరిగి పూత బొబ్బలెక్కుతుంది. బొబ్బను గుచ్చితే పుల్లటి వాసనతో, జిడ్డుగా ఉండే ద్రవం చిమ్ముతుంది. అది ఆమ్లం కనుక కళ్లద్దాలు లేకుండా ఆ పని చేయకూడదు.

లోపలి ద్రావణానికీ బయటి నీటికీ గాఢతలో తేడా ఎంత ఎక్కువుంటే నీరు అంత బలంగా లోపలికి లాగబడుతుంది. మహాసముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. నదులు తెచ్చే మంచినీటి వల్ల స్టాక్‌హోమ్ ద్వీపాల దగ్గర అది ఆరేడు గ్రాములకు మించదు. అందువల్ల బొబ్బల విషయంలో ఉప్పు తక్కువున్న బాల్టిక్ నీరే పడవకు ఎక్కువ ప్రమాదకారి. ఒకరకంగా ఒడ్డు మీద గడిపే నెలలు ఇక్కడ ఉపకారం చేస్తాయి. బొబ్బలు తెరిచి, మంచినీటితో కడిగి, ఆరనిస్తే లోపలి తేమ బయటపడుతుంది. అయితే గడ్డకట్టిన చలిలో ఆరడం దాదాపు ఆగిపోతుంది. ఆరడానికి అనువైన కాలం వసంతంలో వచ్చే పొడి వారాలే. తేమను మీటరుతో కొలిచి, అది తగ్గిందని తేలాకే ఎపాక్సీ పూత వేయాలి. తడి లోపలుండగా పూత వేస్తే రోగాన్ని లోపల పెట్టి కుట్టు వేసినట్టే.

చెక్క పడవలకు సమస్య తలకిందులు. ఆరడమే వాటికి చేటు. పలకలు ఎండి కుంచించుకుపోయి వాటి మధ్య సందులు విచ్చుకుంటాయి. చెక్క పోగుల వెంబడి దాదాపు మారదు కానీ అడ్డంగా బాగా ఉబ్బుతుంది, బాగా తగ్గుతుంది. అందువల్ల పాత చెక్క పడవలను నీటిలోకి దించాక కూడా ఒకటి రెండు రోజులు క్రేన్ పట్టీలలోనే వేలాడనిచ్చి, పంపులతో నీరు తోడుతూ, పలకలు ఉబ్బి సందులు వాటంతటవే మూసుకునేదాకా కాచుకుని ఉండటం రివాజు.

లోహాల మధ్య ప్రవహించే కరెంటు

1761లో బ్రిటిష్ నౌకాదళం హెచ్.ఎం.ఎస్. అలారం అనే యుద్ధనౌక అడుగుకు రాగిరేకులు తొడిగింది. చెక్కను తొలిచే నౌకా పురుగుల నుంచీ, అంటుకునే జీవుల నుంచీ కాపాడటం దాని ఉద్దేశం. రెండేళ్ల తర్వాత విప్పి చూస్తే రాగి బాగానే ఉంది. దాన్ని పట్టి ఉంచిన ఇనుప మేకులు మాత్రం తినేసినట్టు కరిగిపోయాయి. రేకుకూ మేకుకూ మధ్య గోధుమరంగు కాగితం చిక్కుకుని ఉన్నచోట మాత్రం మేకులు చెక్కుచెదరలేదు. ఓల్టా బ్యాటరీ రావడానికి ఇంకా నాలుగు దశాబ్దాల వ్యవధి ఉన్న కాలమది. జరిగినదేమిటో అప్పట్లో వివరించగలిగినవారు లేరు.

వివరణ ఇచ్చినవాడు రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ. రెండు వేర్వేరు లోహాలు ఒకదానికొకటి తగిలి ఉప్పునీటిలో ఉంటే అది బ్యాటరీయే. ఎలక్ట్రాన్లను తేలిగ్గా వదులుకునే లోహం కరుగుతుంది, రెండోది భద్రంగా ఉంటుంది. 1824లో రాయల్ సొసైటీకి సమర్పించిన పరిశోధనలో ఆయన దీన్నే ఉపాయంగా మార్చాడు. రాగికి ఇనుపముక్కనో జింకు ముక్కనో తగిలిస్తే, ఆ ముక్క కరుగుతూ రాగిని కాపాడుతుంది. రెండు వందల ఏళ్ల తర్వాత కూడా ప్రతి పడవ ప్రొపెల్లర్ దగ్గరా బిగించే ఆనోడ్ ఈ సూత్రం మీదే పనిచేస్తుంది. పడవ తయారీదారులు వాడే లోహాల పట్టిక చూస్తే ఈ ఏర్పాటు ఎందుకో తెలుస్తుంది. ఇరుసు స్టెయిన్‌లెస్ స్టీలు, ప్రొపెల్లర్ కంచు, అడుగున వేలాడే బరువైన కీల్ పోతఇనుము. అన్నీ ఒకే ఉప్పునీటిలో మునిగి ఉంటాయి.

ఆనోడ్‌కు ఏ లోహం వాడాలన్నది నీటిని బట్టి ఉంటుంది. నిండు ఉప్పునీటిలో జింకు సరిపోతుంది. మంచినీటిలో జింకు మీద గట్టి పెచ్చు పేరుకుని పని ఆగిపోతుంది, అక్కడ మెగ్నీషియం వాడతారు. బాల్టిక్ లాంటి చప్పిడి ఉప్పునీటికి అల్యూమినియం మిశ్రమం తగినది. మెగ్నీషియాన్ని ఉప్పునీటిలోకి తీసుకెళ్తే అది వారాల్లోనే హరించుకుపోతుంది. వసంతంలో పాత ఆనోడ్ సగం అరిగి కనిపిస్తే మార్చెయ్యాలి. అసలు అరగకపోతే సంతోషించకూడదు. అది లోహానికి సరిగా తగలడం లేదన్నమాట. బిగించేచోట లోహాన్ని మెరిసేదాకా రుద్దాలి. ఆనోడ్ మీద మాత్రం పొరపాటున కూడా రంగు పడకూడదు. రంగు వేసిన ఆనోడ్ కరగదు, కరగని ఆనోడ్ కాపాడదు.

ఇదే రసాయనం పడవ అడుగు వాల్వుల్లో మరో రూపంలో కనబడుతుంది. మామూలు ఇత్తడి అంటే రాగి, జింకుల మిశ్రమం. సముద్రపు నీరు అందులోని జింకును మాత్రమే ఏరుకుని కరిగిస్తుంది. ఆకారం మారదు, బరువు పెద్దగా తగ్గదు. మిగిలినది స్పాంజిలాంటి, పెళుసైన రాగి. కత్తితో గీరితే పసుపుపచ్చగా మెరవాల్సినచోట గులాబీరంగు కనిపిస్తే ఆ వాల్వు రోజులు దగ్గరపడ్డట్టే. చిన్న సుత్తితో తట్టినప్పుడు పొడిపొడిగా రాలితే ఒడ్డు మీదే రాలినందుకు అదృష్టమనుకోవాలి. అదే సముద్రం మధ్యలో విరిగితే పడవ అడుగున రంధ్రం తెరుచుకుంటుంది. కంచు, జింకు పోకుండా తట్టుకునే ప్రత్యేక ఇత్తడి, గాజుపోగులు కలిపిన ప్లాస్టిక్ దీనికి బదులుగా దొరుకుతాయి.

అంటుకునే జీవులు, విషపు రంగులు

డేవీ ఉపాయానికి ఊహించని దెబ్బ తగిలింది. కాపాడబడిన రాగి కరగడం మానేసింది. కరగని రాగి మీద నాచూ బార్నకిళ్లూ పెరిగి ఓడలు నెమ్మదించాయి. రాగి జీవులను దూరంగా ఉంచేది కొద్దికొద్దిగా కరిగి విషమవుతుంది కాబట్టే. ఆ కరగడాన్ని ఆపేస్తే రక్షణ కూడా ఆగిపోతుంది. నౌకాదళం కొన్నేళ్లలోనే ఆ ఏర్పాటును విరమించుకుంది. ఒక నష్టాన్ని అరికట్టే పద్ధతి మరో నష్టానికి తలుపు తీయవచ్చునన్న పాఠం పడవ అడుగుకు వేసే రంగుల చరిత్రలో మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

1960ల తర్వాత ట్రైబ్యూటైల్ టిన్ అనే పదార్థం కలిపిన రంగులు వ్యాపించాయి. రాగికన్నా బాగా పనిచేశాయి. 1970ల చివర ఫ్రాన్స్‌లోని ఆర్కషాఁ అఖాతంలో ఆయిస్టర్ల పెంపకం కుప్పకూలింది. పిల్ల ఆయిస్టర్లు బతకలేదు, పెద్దవాటి గుల్లలు వికారంగా దళసరెక్కాయి. నత్తజాతుల్లో ఆడవాటికి మగ అవయవాలు మొలిచాయి. కారణం ఆ రంగేనని తేలి, 1982లో ఫ్రాన్స్ 25 మీటర్లలోపు పడవలకు దాన్ని నిషేధించింది. ఆ తర్వాత 2001లో ఆమోదించి 2008లో అమల్లోకి తెచ్చిన అంతర్జాతీయ ఒప్పందం ఓడలన్నిటికీ ఆ నిషేధాన్ని వర్తింపజేసింది. అయినా కథ ముగియలేదు. పాత రంగు మీదే కొత్త రంగు వేస్తూ వచ్చిన పడవల అడుగున ఆ టిన్ నేటికీ పొరల్లో దాగి ఉందని స్వీడన్ పరిశోధకులు ఎక్స్-కిరణాల పరికరాలతో పరీక్షించి కనుగొన్నారు.

కనుక వసంతంలో అడుగు గీకేటప్పుడు రాలే పొడిని మామూలు ధూళిగా చూడకూడదు. పొడిగా రుద్దకుండా తడిపి రుద్దాలి, లేదా దుమ్మును పీల్చే యంత్రం అమర్చాలి. ముఖానికి ముసుగు, చేతికి తొడుగులు, కింద పట్టా తప్పనిసరి. రంగు ఎంపికకూ నియమాలున్నాయి. స్టాక్‌హోమ్‌కు పడమరనున్న మెలారెన్ సరస్సు మంచినీటిది. అక్కడ విషం కలిసిన రంగులు వాడరాదు. సముద్రం వైపు కూడా రాగి ఎంత వేగంగా కరగవచ్చునన్నదానిపై హద్దులున్నాయి. బాల్టిక్‌లో పడవను పట్టిపీడించే ప్రధాన జీవి ఒకే జాతి బార్నకిల్. ఉత్తర అమెరికా నుంచి ఓడల వెంట వచ్చి 19వ శతాబ్దంలో ఇక్కడ స్థిరపడింది. దాని పిల్లలు పడవలకు అంటుకునేది ప్రధానంగా నడివేసవిలో. ఆ కాలంలో ఒకటి రెండుసార్లు పడవను బ్రష్షులున్న యంత్రం మీదుగా నడిపి కడిగితే చాలావరకు విషం అక్కర లేకుండానే గడుస్తుంది. జీవి జీవితచక్రం తెలిసినవాడికి రంగు డబ్బాతో అవసరం తగ్గుతుందన్నమాట.

తీగలు, కీల్, ఇంజన్

మాస్ట్ అనే తెరచాప స్తంభాన్ని నిలబెట్టేవి పంతొమ్మిది పోగులు పేనిన స్టెయిన్‌లెస్ స్టీలు తీగలు. ఈ స్టీలుకు తుప్పు పట్టదన్న నమ్మకం సగమే నిజం. దానిలోని క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కొన్ని నానోమీటర్ల మందాన పొరగా ఏర్పడుతుంది. గీత పడితే ఆ పొర మళ్లీ దానంతటదే అల్లుకుంటుంది. కానీ అందుకు ఆక్సిజన్ కావాలి. తీగ చివరను గొట్టంలో పెట్టి నొక్కిన చోట ఉప్పునీరు దిగి నిలిస్తే అక్కడ ఆక్సిజన్ అందదు. పొర తిరిగి ఏర్పడదు. లోపల లోహం గుట్టుగా తినివేయబడుతుంది. చలికాలంలో అదే నీరు గడ్డకట్టి గొట్టాన్ని చీల్చడమూ ఉంది. కాబట్టి మాస్ట్ నిలబెట్టక ముందే ప్రతి తీగ చివరనూ భూతద్దంతో చూడాలి. గోధుమరంగు చారిక, నిట్టనిలువు పగులు, తెగిన ఒక్క పోగు వీటిలో ఏది కనిపించినా తీగ మార్చాల్సిందే. తెగిన పోగును వేలితో తడిమి వెతకకూడదు. దూదిని తీగ మీద లాగితే పోగు దానికి తగులుకుంటుంది.

ఆ బరువైన కీల్‌ను హల్‌కు, అంటే పడవ దేహానికి, బోల్టులతో బిగిస్తారు. గాలి పడవను పక్కకు వంచినప్పుడు తిరిగి నిలబెట్టేది ఆ బరువే. 2014 మే నెలలో అట్లాంటిక్ దాటుతున్న చీకీ రఫీకీ అనే తెరచాప పడవ కీల్ ఊడిపోయి తిరగబడింది. నలుగురు బ్రిటిష్ నావికులు గల్లంతయ్యారు. అంతకుముందు పడవ నేలకు తగిలిన సందర్భాల వల్ల హల్‌కూ లోపలి పటిష్ఠ చట్రానికీ మధ్య అతుకు బలహీనపడి ఉండవచ్చని బ్రిటిష్ దర్యాప్తు సంస్థ అభిప్రాయపడింది. ఇలాంటి లోపం నీటిలో ఉండగా బయటపడదు. ఒడ్డు మీదే కీల్, హల్ కలిసే గీత వెంట పగులు ఉందేమో, తుప్పునీరు కారిన మరక ఉందేమో చూడాలి. లోపల బోల్టుల చుట్టూ జిగురు విడిచిందేమో పరిశీలించాలి. మరక కనిపిస్తే దాని మీద రంగు వేయడం కన్నా పెద్ద అపరాధం లేదు.

ఇంజన్ దగ్గర నీరు మరో వేషం వేస్తుంది. సగం ఖాళీగా వదిలిన డీజిల్ ట్యాంకులో పగలూ రాత్రీ ఉష్ణోగ్రత మారినప్పుడల్లా గాలిలోని తేమ గోడల మీద చెమర్చి, బరువెక్కువ కనుక డీజిల్ అడుగుకు చేరుతుంది. నీరూ డీజిలూ కలిసే ఆ సరిహద్దులో హార్మోకోనిస్ రెజినే అనే బూజు, మరికొన్ని బ్యాక్టీరియాలు పెరుగుతాయి. వాటికి తిండి డీజిల్, దాహానికి నీరు. నల్లటి జిగట ముద్దలుగా మారి ఫిల్టర్లను మూసేస్తాయి. ట్యాంకును శరత్తులోనే నింపి వదలడం, వసంతంలో అడుగు నీటిని వడగట్టి తీయడం, ఫిల్టర్ మార్చడం ఇందుకు మందు. సముద్రపు నీటిని తోడే పంపులోని రబ్బరు ఇంపెల్లర్‌ను కూడా మార్చడం మంచిది. నెలల తరబడి ఒకే భంగిమలో వంగి ఉన్న దాని రెక్కలు అలాగే బిగుసుకుపోతాయి, మొదటిసారి తిప్పగానే విరిగే ప్రమాదముంది. విరిగిన ముక్కలు దొరికేదాకా వెతకాలి. లేకుంటే అవి ముందుకుపోయి చల్లబరిచే దారినే మూస్తాయి.

వంటగ్యాసు గొట్టాలనూ సబ్బునీటితో పరీక్షించాలి. అది గాలికన్నా బరువైనది. కారితే పైకి పోకుండా పడవ అడుగు గుంటలో చేరి నిప్పురవ్వ కోసం కాచుకుంటుంది. మన ఇళ్లలోని సిలిండర్‌లో బ్యూటేన్, ప్రొపేన్ కలిసి ఉంటాయి. బ్యూటేన్ సుమారు సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరవుతుంది. అందుకే స్వీడన్ పడవల్లో ఉండేది ప్రొపేనే.

నీటిలోకి దించే రోజు

ఇన్ని పనులకూ ఒక వరుస ఉంది. నీటిలోకి దిగాక చేయి అందనివన్నీ ముందు పూర్తికావాలి. వాల్వులు, కీల్, ప్రొపెల్లర్, ఆనోడ్, రంగు ఆ కోవలోవి. తీగల బిగింపు, ఇరుసు అమరిక సరిచేయడం వంటివి మాత్రం నీటిలోకి దిగాకే. దీనికి కారణం ఆర్కిమెడిస్ సూత్రంలో ఉంది. ఐదు టన్నుల పడవ ఒడ్డున ఉంటే ఆ బరువంతా కీల్ మీదా, నాలుగైదు స్టాండ్ల మీదా పడుతుంది. హల్ కొద్దిగా రూపం మారుతుంది. లోపలి తలుపులు సరిగా మూసుకోకపోవడం అందరూ గమనించేదే. నీటిలో ఐదు టన్నుల నీటిని తొలగించి, దాని ఒత్తిడి అడుగంతటా సమంగా పరుచుకోగానే పడవ తన అసలు రూపానికి వస్తుంది. ఒడ్డున మిల్లీమీటరు తేడా లేకుండా సరిచేసిన ఇరుసు ఆ మార్పుతో తప్పుకోవచ్చు. అందుకే ఆ కొలతలు ఒకటి రెండు రోజులు తేలాక తీస్తారు.

క్రేన్ పట్టీలు ప్రొపెల్లర్ ఇరుసుకూ చుక్కానికీ తగలని చోట వేయాలి. పడవ నీటిని తాకాక కూడా పట్టీలను వెంటనే విడువకూడదు. బరువు సగం క్రేన్ మీదే ఉండగా ఒకరు లోపలికి దిగి, అడుగు పలకలు తీసి, ప్రతి వాల్వునూ గొట్టాన్నీ పొడి చేత్తో తడిమి చూడాలి. తర్వాత వాల్వులు ఒక్కొక్కటే తెరిచి మళ్లీ చూడాలి. ఇంజన్ నడిపి, పొగగొట్టం నుంచి నీరు పడుతోందని నిర్ధారించుకోవాలి. అన్నీ సరిగా ఉంటేనే పట్టీలు జారవిడుస్తారు. పడవ బలహీనతలన్నీ బయటపడే ఆ పది నిమిషాల్లో తొందరపాటు పనికిరాదు.

మనిషి సంగతీ మరవకూడదు. మే మొదట్లో ఎండ వెచ్చగా ఉన్నా బాల్టిక్ నీరు ఇంకా పది డిగ్రీలలోపే ఉంటుంది. చలినీటిలో పడినవారి గురించి కెనడా మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ఒక లెక్క ప్రచారం చేశారు. ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవడానికి ఒక నిమిషం, చేతులు కాళ్లు మాట వినే వ్యవధి పది నిమిషాలు, స్పృహ తప్పడానికి ఒక గంట. లైఫ్ జాకెట్ ఉంటేనే ఆ గంట దక్కుతుంది. కాబట్టి ఉబ్బే రకం జాకెట్‌లోని గ్యాసు సిలిండరును తూకం వేసి, అది నిండుగా ఉందని చూసుకోవడం కూడా జలప్రవేశపు పనుల్లో భాగమే.

మన తీరానికి ఈ శాస్త్రం

విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బి. ఐశ్వర్య సహా ఆరుగురు నౌకాదళ మహిళలు 2017 సెప్టెంబరు నుంచి 2018 మే వరకు ఐ.ఎన్.ఎస్.వి. తారిణి అనే ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవలో భూగోళాన్ని చుట్టి వచ్చారు. ఫ్రీమాంటిల్, లిటిల్‌టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్ రేవుల్లో ఆగినప్పుడు సరుకులు నింపుకోవడంతో పాటు మరమ్మతులు చూసుకోవడమూ వారి పనే. బాల్టిక్ ఒడ్డున శౌఖీనుడు చేసే తనిఖీకీ, మహాసముద్రాలు దాటేవారి తనిఖీకీ సూత్రాల్లో తేడా లేదు.

ఆంధ్రప్రదేశ్ తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టేందుకు ఉద్దేశించిన ఆ విరామంలో విశాఖ రేవు ఒడ్డున పడవలకు మరమ్మతులు, రంగులు సాగుతాయి. ఇక్కడ మంచు సమస్య లేదు. మిగిలినవన్నీ ఉన్నాయి, పైగా ఎక్కువ వేగంతో. వెచ్చని నీటిలో రసాయన చర్యలు త్వరపడతాయి, బార్నకిళ్లు ఏడాది పొడవునా పెరుగుతాయి, తేమగాలి ఇంధన ట్యాంకులను తడుపుతూనే ఉంటుంది. ఆనోడ్‌ను సగం అరగగానే మార్చడం, ఇత్తడి వాల్వును గీరి రంగు చూడటం, పాత రంగును తడిపి గీకడం పెద్దగా ఖర్చులేని అలవాట్లు. బాల్టిక్‌లోనైనా బంగాళాఖాతంలోనైనా పడవను ఒడ్డుకు చేర్చిన రోజునే నీటిని పూర్తిగా తోడి, తీసినదీ వదిలినదీ ఒక పుస్తకంలో రాసిపెట్టుకున్నవారికి తిరిగి దించే రోజున వెతుకులాట తగ్గుతుంది. జలప్రవేశానికి సన్నాహం నిజానికి మొదలవ్వాల్సింది ఆ రోజునే.